పైన పాలవెల్లి, వెనక తెర

వినాయక చవితి వచ్చిందంటే హైటెక్ సిటీ చుట్టుపక్కల ఫ్లాట్లలో రెండు రకాల అలంకరణలు కనిపిస్తాయి. ఒకటి దేవుడి నెత్తిన వేలాడేది, రెండోది దేవుడి వీపు వెనక నిలబడేది. మొదటిది పాలవెల్లి. రెండోదానికి తెలుగిళ్ళలో బ్యాక్‌డ్రాప్ అనే పేరే స్థిరపడింది. ఆవులూ తామరపూలూ అచ్చువేసిన గుడ్డ, దాని మీదుగా జారే ప్లాస్టిక్ బంతిదండలు, అటొకటి ఇటొకటి ఇత్తడి రంగు గంటలు, ముందు నీళ్ళలో పూలు తేలే ఉర్లి. రెండూ తక్కువ ఖర్చులో అయిపోతాయని పేరు. ఆ పేరు దేనికి ఎంతవరకు చెల్లుతుందో పక్కపక్కన పెట్టి చూస్తేగానీ తెలియదు.

ఐటీ కారిడార్‌లో ఉండేవాళ్ళకు పండగ పూట పొదుపేమిటి అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి ఈ ప్రాంతం గురించి చెప్పుకునే కథలన్నీ పెద్ద జీతాల చుట్టూనే తిరుగుతున్నాయి మరి. పెద్ద సర్వీసు కంపెనీల్లో కొత్తగా చేరే ఇంజనీరు జీతం మాత్రం పదేళ్ళకు పైగా ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరే తచ్చాడుతోంది. అందులోంచి అయ్యప్ప సొసైటీలోనో అంజయ్య నగర్‌లోనో గది అద్దె పోవాలి, ఊళ్ళో అమ్మానాన్నలకు పంపేది పోవాలి. మిగిలితే పండగ. అవే గల్లీల్లో సెక్యూరిటీ గార్డులుంటారు, క్యాబ్ డ్రైవర్లుంటారు, క్యాంటీన్లలో వండేవాళ్ళుంటారు. ఫ్లాటు కొనుక్కున్నవాళ్ళకు ఈఎంఐ ఉంది, వాళ్ళ చెయ్యీ అంత విశాలమేమీ కాదు.

పాలవెల్లి విడిగా చూస్తే ఏమీ ఉండదు. నాలుగు చెక్క పట్టీలతో ఒక చదరం, లోపల అడ్డంగా నిలువుగా ఇంకొన్ని పట్టీలు. పసుపు రాసి కుంకుమ బొట్లు పెడితే చట్రం సిద్ధం. అసలు పని దానికి కట్టేవాటితో మొదలవుతుంది. మామిడాకులు, మొక్కజొన్న పొత్తులు, జామకాయలు, వెలక్కాయ, దానిమ్మ, బత్తాయి, సీతాఫలం, దొరికితే మారేడుకాయ. భాద్రపదంలో చెట్టు మీద ఏముంటే అది. కట్టడంలో ఒక లెక్క ఉంది. నాలుగు మూలల నుంచి నాలుగు తాళ్ళు పైన ఒకే ముడిలో కలుస్తాయి కాబట్టి, ఈ మూల వెలక్కాయ పడితే ఎదురు మూల దానిమ్మ పడాలి. లేకపోతే చదరం ఒరిగి వినాయకుడి కిరీటానికి తగులుతుంది. మొక్కజొన్న పొత్తుకు వేరే తాడు అక్కర్లేదు, పైపొట్టు రెండు పాయలు వెనక్కి వలిచి దాంతోనే ముడి వేయొచ్చు. వెలక్కాయ నున్నగా గుండ్రంగా ఉండి ముడికి చిక్కదు, దాని చుట్టూ పురికొసతో చిన్న ఉట్టి అల్లాలి. జామకాయ దోరగా ఉండాలి. పండిపోయింది కడితే తెల్లారేసరికి దేవుడి ఒళ్ళో ఉంటుంది.

ఒకళ్ళు పట్టుకోవాలి, ఒకళ్ళు కట్టాలి. ఒంటరిగా చేసే పని కాదిది, గంట పడుతుంది. నైట్ షిఫ్టు చేసి పొద్దున్నే ఇల్లు చేరినవాళ్ళకు ఆ గంట ఎక్కడినుంచి వస్తుందన్నది న్యాయమైన ప్రశ్నే.

ముఖ్యంగా కోస్తా జిల్లాల ఇళ్ళలో పాలవెల్లి కట్టే అలవాటుంది. ఆ చట్రం ఆకాశమనీ, కాయలు గ్రహాలనీ వివరించేవాళ్ళున్నారు. అంత దూరం పోకపోయినా, కొత్తగా వచ్చిన పంటను నడింట్లో వేలాడదీయడం అనుకున్నా చాలు. యూదులు సుక్కోత్ పండక్కి కొమ్మలు కప్పిన పందిరి వేసుకుని, దాని కప్పు నుంచి పళ్ళు వేలాడదీస్తారు. అదీ పంట చేతికొచ్చే కాలంలోనే. మనకైతే తలెత్తి చూడటం కొత్త కాదు. లేపాక్షి వీరభద్రాలయంలో 16వ శతాబ్దపు చిత్రకారులు తమ పనితనమంతా కప్పు మీదే చూపించారు. ఉత్సవమూర్తి మీద పట్టే మేల్కట్టు, పెళ్ళి పందిట్లో కట్టే చాందినీ కూడా ఆ కోవలోవే.

అలాగని బ్యాక్‌డ్రాప్‌ను వంశం లేనిదని తోసేయడానికి లేదు. ఆ ఆవులు, తామరలు రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారా నుంచి వచ్చాయి. అక్కడ శ్రీనాథ్‌జీ విగ్రహం వెనక పిఛ్వాయి తెరలు కడతారు, ఋతువునుబట్టీ ఉత్సవాన్నిబట్టీ మారుస్తారు. చిత్రకారుడు గుడ్డ మీద చేత్తో వేసే ఆ బొమ్మ డిజిటల్ ఫైలై, పాలియెస్టర్ మీద అచ్చై, కవర్లో మడతపడి మన గుమ్మంలో దిగుతోంది. దైవం వెనక తెర కట్టడంలో నాకు అభ్యంతరం లేదు. మనకూ అటువంటి సంప్రదాయాలున్నాయి కదా అన్నదే నా బాధ. శ్రీకాళహస్తి కలంకారీ గుళ్ళలో వేలాడింది. చేర్యాల నకాషీ పటం కథ చెప్పేవాళ్ళ పక్కన తెరై నిలిచింది. కొండాపూర్‌లో వరలక్ష్మి వెనక మాత్రం నాథ్‌ద్వారా ఆవు నిలబడింది, ఎందుకంటే ఇవాళ కుప్పలుగా, చవగ్గా అచ్చయ్యేది అదే. శ్రావణ శుక్రవారం సాయంత్రం వాట్సాప్ స్టేటస్‌లు తిప్పి చూడండి. మనుషులు వేరు, చీరలు వేరు, ఆవు ఒక్కటే.

ఈ రెండు అలంకరణలనూ విడదీసేది కెమెరా. పాలవెల్లిని కింద కూర్చుని చూడాలి, ఫోన్‌కు అది సరిగ్గా చిక్కదు. నిలువు ఫ్రేములో విగ్రహం బాగా పడితే పాలవెల్లి సగానికి తెగుతుంది. మొత్తం రావాలని వెనక్కి జరిగితే షూ ర్యాకు, ఇస్త్రీ బట్టల కుప్ప, ఆరేసిన తువ్వాలు కూడా పూజలో పాల్గొంటాయి. బ్యాక్‌డ్రాప్ తీర్చేది సరిగ్గా ఆ చిక్కునే. ఐదడుగుల గుడ్డ కడితే దాని వెనకున్న ఇల్లంతా మాయం. అమెరికాలో ఫ్రిస్కోలో ఉన్న అక్కకు వీడియో కాల్‌లో కనిపించేది ఆ ఐదడుగులే. దీన్ని ఎగతాళి చేయబుద్ధి కాదు నాకు. ముగ్గురు పంచుకునే గదిలో పక్కవాడి మంచం కనబడకుండా ఒక మూలను దేవుడికి కేటాయించుకోవాలంటే తెర కన్నా సులువైన మార్గం లేదు. కాకపోతే ఆ పండగ ఐదడుగుల దగ్గరే ఆగిపోతుంది. ఫోన్ పక్కన పెట్టాక గది నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. పాలవెల్లి కట్టిన గదిలోకి మధ్యాహ్నం అడుగుపెడితే ముందు జామ వాసన తగులుతుంది, తర్వాతే కళ్ళకు ఏదైనా కనిపిస్తుంది. ఆ వాసన ఏ స్టేటస్‌లోనూ పెట్టలేం.

ఇక గోడలూ కప్పూ. అద్దె ఇంట్లో అలంకరణకు అసలు బడ్జెట్ ఇక్కడుంది. మేకులు కొట్టకూడదని అగ్రిమెంటులోనే రాయించుకునే ఓనర్లున్నారు. రాయకపోయినా ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరు మీద అడ్వాన్సులోంచి కోత పడుతుంది. పాత ఇళ్ళలో దూలం ఉండేది. తర్వాత వచ్చిన శ్లాబు ఇళ్ళలో ఉయ్యాల కోసం వదిలిన ఇనప కొక్కెం ఉండేది. కొత్త ఫ్లాట్లలో జిప్సం ఫాల్స్ సీలింగ్ ఉంటుంది. అంచుల్లోంచి పచ్చటి వెలుతురు జారే ఆ కప్పు చూడ్డానికే తప్ప మోయడానికి కాదు. నాలుగు కిలోల కాయలు వేలాడదీద్దామని స్క్రూ బిగిస్తే పొడి రాలుతుంది. ఫ్యాన్ కొక్కేనికి కడదామనే ఆలోచన వస్తే దయచేసి అక్కడే మానుకోండి.

దీనికి అద్దెవాళ్ళు ఎంచుకోదగిన దారులున్నాయి. చిన్న సైజు చట్రం తీసుకుని కిటికీ పక్కన కర్టెన్ రాడ్డుకు కట్టి, విగ్రహాన్నే అక్కడికి జరపవచ్చు. బట్టలారేసే స్టీలు స్టాండును చీరతో కప్పి దాని పై కడ్డీలకు పాలవెల్లి వేయొచ్చు. ఎవరో చెబితే తప్ప అది స్టాండని తెలియదు. టేబుల్‌ను తిరగేసి నాలుగు కాళ్ళకు అరటి పిలకలు కట్టి, పైన చట్రం పెడితే మండపమే అయిపోతుంది. గోడ జోలికే పోనక్కర్లేదు. బ్యాక్‌డ్రాప్ విషయానికొస్తే, దానికి వాడే అంటించే హుక్కులు గోడకు హాని చేయవని నమ్ముతాం గానీ, పండగయ్యాక పీకితే కొన్ని గోడల నుంచి అరచేతి వెడల్పున పెయింటు ఊడొస్తుంది. ఆ ఖర్చు పండగ పద్దులో ఎవరూ రాయరు.

డబ్బు లెక్కకు వద్దాం. వెయ్యి రూపాయలు పెట్టుకున్నామనుకుందాం. బ్యాక్‌డ్రాప్‌కు గుడ్డ, దండలు, హుక్కులు, సీరియల్ లైట్లు కలిపి ఆ వెయ్యీ మొదటిసారే అయిపోతాయి. కానీ వస్తువు మిగులుతుంది. 2025నే చూడండి: వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8న, వినాయక చవితి 27న, దసరా అక్టోబరు 2న, దీపావళి 20న. రెండున్నర నెలల్లో నాలుగు పండగలు, అంటే పండక్కి 250. వచ్చే ఏడాది ఇంకా తగ్గుతుంది. కాగితం మీద దీనికి తిరుగులేదు. ఇంట్లో మాత్రం లెక్క తప్పుతుంది. బ్యాక్‌డ్రాప్ ఫోటో కోసం పుట్టింది కాబట్టి ఫోటోలోకి ఎక్కగానే పాతబడుతుంది. శ్రావణంలో స్టేటస్‌లో పెట్టిన ఆవునే దీపావళికి మళ్ళీ పెట్టడానికి మనసొప్పదు. నెమలి ఉన్నది కొత్తగా వచ్చిందట, అది తెప్పిస్తాం. ఆవు అటక మీదకు పోతుంది. పదేపదే వాడుకోవచ్చన్న గుణాన్నే చూపించి అమ్మిన వస్తువును ఒకసారి వాడి దాచేస్తాం. దాచడానికీ చోటు కావాలి. టూ బీహెచ్‌కే అటకలో సూట్‌కేసులకే చోటు చాలదు, ఇల్లు మారిన ప్రతిసారీ ఆ అట్టపెట్టె కూడా ప్యాకర్స్ వాళ్ళ బిల్లులో చేరుతుంది.

పాలవెల్లికి ఆ బెడద లేదు. ఏటా అదే చట్రం, అవే కాయలు, అదే పసుపు. పోయినేడు కూడా ఇలాగే కట్టారేమిటని అడిగిన చుట్టం నాకింతవరకు తారసపడలేదు. చట్రానికి పోను పెట్టిన డబ్బంతా తినేవాటి మీదే. ఉద్వాసన చెప్పాక మొక్కజొన్న పొత్తులు ఉడకబెట్టుకుంటారు, జామకాయలు పిల్లలకు, దానిమ్మ గింజలు పెరుగన్నంలోకి, వెలక్కాయతో పచ్చడి. అది పండగ ఖర్చని ఎందుకనుకోవాలి? కూరగాయల పద్దులోంచే రెండు రోజులు ముందుగా తీసింది. అలంకరణ చవకో కాదో తేలేది పండగ మర్నాడే. ఒకటి వంటింట్లోకి వెళ్తుంది, ఒకటి అటక మీదకు.

అయితే పాలవెల్లి పక్షం వహించేవాళ్ళు దాచిపెట్టే నిజం ఒకటుంది. ఊళ్ళో దానికి ఖర్చే లేదు. మామిడాకు పెరట్లోది, పొత్తు చేలోది, మారేడు గుడి వెనకది. సైబరాబాద్‌లో ఒక్క ఆకు కూడా ఊరికే రాదు. 21 రకాల పత్రి పేరుతో యాప్‌లో వచ్చే ప్యాకెట్ విప్పి, మాచిపత్రి ఏది, విష్ణుక్రాంతం ఏది, దేవదారు ఏది అని వెతికితే పూజ వాయిదా వేసుకోవాలి. చవితి ముందు రోజు సాయంత్రం కొత్తగూడ చౌరస్తాలో బండి దగ్గర నిలబడి బేరమాడితే నాలుగు మామిడి కొమ్మలు కూడా విలువైన సరుకే. చవక కావాలంటే దూరం పోవాలి, ముందుగా పోవాలి. కాయలకు కూకట్‌పల్లి, ఎర్రగడ్డ రైతు బజార్లున్నాయి. 1999లో మొదలైన ఈ బజార్లు ఇలాంటి రోజుల్లోనే తమ విలువ చూపిస్తాయి. బంతి, చామంతి కిలోల్లో కావాలంటే గుడిమల్కాపూర్. చేవెళ్ళ, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు పూలు దిగేది అక్కడే. నలుగురు ఇరుగుపొరుగులు కలిసి ఒకరిని పంపితేనే గిట్టుబాటు. ఒక్క ఇంటి కోసం వెళ్తే పూల డబ్బు పెట్రోలుకు పోతుంది. బ్యాక్‌డ్రాప్ సామాన్లకు బేగంబజార్. రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో లైను మారి, గాంధీభవన్‌లోనో ఉస్మానియా మెడికల్ కాలేజీలోనో దిగి ఆటో పట్టుకుంటే సరి. దండలు డజన్ల లెక్కన ఇస్తారు కాబట్టి ఇక్కడా తోడు ఉంటేనే లాభం. విగ్రహానికి మాత్రం డబ్బు పెట్టనక్కర్లేదు. జీహెచ్‌ఎంసీ, హెచ్‌ఎండీఏ, కాలుష్య నియంత్రణ మండలి ఏటా మట్టి వినాయకులను ఉచితంగా పంచుతున్నాయి.

ఊరికే దొరికేది కొనాల్సి రావడం బతుకమ్మకూ తప్పలేదు. తంగేడు, గునుగు రాళ్ళ నేలల్లో, బీళ్ళలో వాటంతట అవే పూసే పూలు. ఆ నేలల మీద టవర్లు లేచాక అవీ కట్టల లెక్కన బజారుకెక్కాయి. ఆ కథ విడిగా రాయాల్సినంత పెద్దది.

థర్మోకోల్ గురించి కొందరికి ఇంకా తెలిసినట్టు లేదు. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను కేంద్రం 2022 జులై 1 నుంచి నిషేధించింది. చవగ్గా మండపం చేసిపెడతామని ఎవరైనా తెల్లటి పలకలు చూపిస్తే వద్దనండి. ఇంకొకటి నిప్పు. పాలియెస్టర్ తెర వెనక ఉండి దీపం దాని ముందుంటే గాలికి గుడ్డ ఊగడానికి క్షణం చాలు. అంటుకుంటే అది కరిగి కారుతూ మండుతుంది. దీపానికీ తెరకూ మధ్య కనీసం మూరెడు దూరం ఉండాలి, ఉర్లి ఉన్నదే కదా అని దాన్ని తెరకు ఆనించి అందులో ప్రమిదలు పెట్టడం మానాలి. కరెంటు ఖర్చు గురించి మాత్రం బెంగ అక్కర్లేదు. 10 వాట్ల ఎల్‌ఈడీ సీరియల్ సెట్టు రోజుకు 6 గంటల చొప్పున 5 రోజులు వెలిగినా 0.3 యూనిట్లే, రెండు మూడు రూపాయల పని.

బ్యాక్‌డ్రాప్‌కు ఒక్క విషయంలో పూర్తి మార్కులు వేస్తాను. పాలవెల్లి వినాయకుడిది, ఇంకెవరికీ కట్టరు. తెరకు ఆ పట్టింపు లేదు. ఆవుల బదులు సాదా ఎర్రగుడ్డో తెల్లగుడ్డో ఎంచుకుంటే చవితికి హిందూ స్నేహితుడికీ, డిసెంబరులో స్టార్ వేలాడదీసుకునే క్రైస్తవ స్నేహితుడికీ, మధ్యలో ఎవరి పుట్టినరోజుకైనా పనికొస్తుంది. నాలుగు రాష్ట్రాలవాళ్ళు ఒకే ఫ్లాటులో ఉండే ఊరిది. ఆ ఉమ్మడితనం పాలవెల్లి ఇవ్వలేనిది.

అలాగైతే అచ్చు గుడ్డ కొనడం మాత్రం ఎందుకు? అమ్మ పట్టుచీర ఒకటి ఏ సూట్‌కేసులోనో ఉండే ఉంటుంది. జరీ అంచు పైకి వచ్చేలా మడిచి కర్టెన్ రాడ్డు మీద వేస్తే ఏ పిఛ్వాయి అచ్చుకూ తీసిపోదు, పైగా అలాంటిది పక్కింట్లో ఉండదు. అది కాదనుకుంటే పెడన అచ్చు కలంకారీ నూలు గుడ్డ మీటర్ల లెక్కన కొనండి. మాదాపూర్ శిల్పారామం చేనేత స్టాళ్ళలో ఓపిగ్గా చూస్తే దొరుకుతుంది. పండగయ్యాక దిండు గలీబులు కుట్టించుకోవచ్చు, దాచే పెట్టె కూడా మిగులుతుంది.

నా ఓటు పాలవెల్లికే, చీర తెరకు రెండో స్థానం, అచ్చు ఆవులకు చివరిది. కొత్త ఫ్లాటుకు ఇంటీరియర్స్ చేయించుకుంటున్నవాళ్ళకు ఒక విన్నపం. ఫాల్స్ సీలింగ్ బిగించకముందే మేస్త్రీని పిలిచి, హాల్లో శ్లాబుకు ఒక ఇనప కొక్కెం దింపించుకోండి, జిప్సం పలకలో దాని మేరకు చిన్న కంత వదలమనండి. ఇంటీరియర్ డిజైనరు వద్దంటాడు, అందం చెడుతుందంటాడు. వినకండి.